ఊర్లో పెళ్ళికాని పోరలు ఎక్కువైతే లొల్లులు ఎక్కువవుతాయా?

పత్తిచేను_33
మాది పరకాల దగ్గర పల్లె. దసరా అయిన నాలుగో రోజు బెల్టు షాపు కాడ పెద్ద లొల్లి అయింది. బీరు సీసాతో ఒకడి తల పగలగొట్టారు, పదకొండు కుట్లు పడ్డాయి. కొట్టినోళ్ళు, కొట్టించుకున్నోడు కలిపి ఐదుగురు. ఐదుగురికీ ముప్పై దాటింది, ఐదుగురికీ పెళ్ళి కాలేదు. తెల్లారి హోటల్ కాడ చాయ్ తాగుతుంటే ఒక రిటైర్డ్ పంతులు అన్నాడు: "కడుపుల ఉన్నప్పుడే ఆడపిల్లల్ని తీసేసుకున్నారు, ఇప్పుడు పోరలకు పిల్ల దొరకట్లేదు, ఇంకో పదేళ్ళు చూడు, ఇది హర్యానా అయితది, రోజుకో మర్డర్." అందరూ తల ఊపారు. నేనూ ఊపిన. ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది. ఆడపిల్లలు తగ్గితే నిజంగానే కొట్లాటలు, హత్యలు పెరుగుతాయా? ఎవరైనా లెక్క కట్టారా, లేక ఇది చాయ్ హోటల్ మాటేనా?

కాజీపేట_జంక్షన్
బీరు సీసా దొరికితే పెళ్ళయినోడూ కొడతాడు అన్నా. మా బావని చూడాలి నువ్వు.

సర్వపిండి
పంతులు చెప్పింది తప్పు కాదు. 2011 జనాభా లెక్కల్లో హర్యానాలో వెయ్యి మంది మగవాళ్ళకి 879 మంది ఆడవాళ్ళు, ఆరేళ్ళలోపు పిల్లల్లో అయితే 834. కేరళలో 1084. ఇప్పుడు హత్యలు చూడండి. కేరళలో ఏడాదికి లక్ష మందికి ఒకటి దాకా, హర్యానాలో మూడు దాటుతుంది. దేశం సగటు 2 చిల్లర. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

బొగ్గుబాయి
జార్ఖండ్ సంగతి చెప్పు మరి. అక్కడ 948, దేశం సగటు 943 కంటే నయమే కదా. కానీ పెద్ద రాష్ట్రాల్లో హత్యల రేటు అక్కడే ఎక్కువ, 2022లో లక్షకు 4. రెండు రాష్ట్రాలు పట్టుకొచ్చి సాక్ష్యం అంటే నేను ఇంకో రెండు తెస్తా.

లెక్కలసారు
రెండు రాష్ట్రాలతో కాదు, జిల్లాలన్నీ పట్టుకుని చేసినవాళ్ళు ఉన్నారు. జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా అనే ఆర్థికవేత్తలు 2000లో వేసిన వ్యాసం ఉంది. 1981 ప్రాంతపు జిల్లాల అంకెలు తీసుకుని హత్యల రేటు దేనితో కలిసి కదులుతుందో చూశారు. పేదరికంతోనా? గట్టి సంబంధం ఏమీ కనపడలేదు. పట్టణాలు పెరగడంతోనా? అదీ లేదు. చదువు ఎక్కువున్న చోట హత్యలు తక్కువ. అన్నిటికంటే గట్టిగా కలిసిన అంకె మాత్రం స్త్రీ పురుష నిష్పత్తే, ఆడవాళ్ళు తక్కువున్న జిల్లాల్లో హత్యలు ఎక్కువ. వాళ్ళకంటే ముందే 1992లో ఫిలిప్ ఓల్డెన్‌బర్గ్ అనే ఆయన ఉత్తరప్రదేశ్ జిల్లాల్లో ఇదే చూశాడు.

కాబట్టి సర్వపిండి గారు చెప్పిన సంబంధం ఉంది. కాకపోతే ఓల్డెన్‌బర్గ్ దాన్ని తిరగేసి చదివాడు. ఆడపిల్లలు తక్కువ కాబట్టి హత్యలు కాదట, హత్యలు ఎక్కువున్న చోట ఇంటికి నలుగురు మగపిల్లలు ఉంటేనే భూమి నిలుస్తుంది, పగ వస్తే నిలబడతారు అని కొడుకుల కోసం పడి ఉంటారట. అంటే మొదలు కొట్లాట, దాని నీడ నిష్పత్తి. ద్రేజ్ వాళ్ళు కూడా నిష్పత్తే హత్యలకు కారణమని తేల్చి చెప్పలేదు. రెండింటి కిందా మగ పెత్తనం అనే ఒకే వేరు ఉండొచ్చు కదా అనే వైపే మొగ్గారు.

సర్వపిండి
అదే కదా నేనూ అంటున్నది.

లెక్కలసారు
కాదు. "ఆడపిల్లలు తగ్గారు కాబట్టి పోరలు కొట్టుకుంటున్నారు" అన్నారు మీరు. "కొట్టుకునే సమాజమే ఆడపిల్లల్ని తగ్గిస్తుంది" అనేది వేరే మాట.

షార్జా_రిటర్న్
పద్నాలుగేళ్ళు గల్ఫ్‌లో ఉండొచ్చిన. మొదట షార్జా, తర్వాత దోహా. మా లేబర్ క్యాంపులో మూడు వేల మంది, ఆడ మనిషి అనేది క్లినిక్‌లో నర్సు ఒక్కతే. ఖతార్ జనాభాలో నలుగురిలో ముగ్గురు దాకా మగాళ్ళే. మీ లెక్క ప్రకారం అక్కడ రోజూ రక్తాలు పారాలి. పద్నాలుగేళ్ళలో నేను కళ్ళతో చూసిన పెద్ద కొట్లాటలు రెండే, ఒకటి క్రికెట్ మీద, రెండోది కూర మీద. అక్కడ హత్యల రేటు మన దేశం కంటే తక్కువ. కారణం చాలా సింపుల్. చెయ్యి లేపితే పోలీసు, తర్వాత జైలు, ఆ తర్వాత విమానం. ఏజెంటుకి కట్టిన అప్పు ఊర్లో వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంటే ఎవడు లేపుతాడు చెయ్యి. పైగా సగం మందికి ఊర్లో పెళ్ళాం పిల్లలు ఉన్నారు, ఫోన్‌లోనే సంసారం.

కాజీపేట_జంక్షన్
కూర మీద కొట్లాట వివరంగా చెప్పన్నా, అది ముఖ్యం.

షార్జా_రిటర్న్
చేపల పులుసులో ముక్కలు మాయమైనయి. తీసినోడు సిరిసిల్లోడు. ఇంక అడగకు.

జగిత్యాల_పిల్ల
షార్జా అన్న చెప్పింది ఇంకో వైపు నుంచి చూడండి. మా దగ్గర ఉల్టా. 2011లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకి 1040 మంది ఆడవాళ్ళు, పాత కరీంనగర్‌లో 1008, ఆదిలాబాద్‌లో 1001. ఇది చూసి మా కాలేజీలో ఒక సారు "మన ఉత్తర తెలంగాణలో ఆడపిల్లలంటే ఎంత గౌరవమో" అన్నాడు. గౌరవం కాదు, మగవాళ్ళు దుబాయ్‌లో, మస్కట్‌లో, భివండీలో ఉన్నారు, లెక్కల రోజున ఊర్లో లేరు. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టుకుంటూ లెక్కలో పడ్డారు. అసలు సంగతి తెలియాలంటే పిల్లల అంకె చూడాలి. తెలంగాణ మొత్తం 988, కానీ ఆరేళ్ళలోపు 932. మీ పాత వరంగల్ జిల్లాలో 997 ఉంటే, పిల్లల్లో 923. గల్ఫ్ పోయిన ఆరేళ్ళ పిల్లగాడు ఎవడూ ఉండడు కదా.

పత్తిచేను_33
923 అంటే ఎంత ఘోరం? అసలు ప్రకృతి ప్రకారం ఎంత ఉండాలి?

లెక్కలసారు
ఎవరూ వేలు పెట్టకపోతే వంద మంది ఆడపిల్లలకి 105 మంది దాకా మగపిల్లలు పుడతారు. అంటే వెయ్యికి 950 చిల్లర. కాబట్టి వెయ్యికి వెయ్యి ఉండాలి అనుకోవడం తప్పు. 923 అంటే తగ్గింది, ఎవరో వేలు పెట్టారు, కానీ హర్యానా 834 పక్కన పెట్టి "మనమూ అంతే" అనడం కూడా తప్పే.

ఇప్పుడు పంతులుగారి మాటలో అసలు బొక్క ఎక్కడుందో చెప్తా. మీ ఊర్లో కొట్టుకున్న ఐదుగురికీ ముప్పై దాటింది అన్నారు. అంటే 1990లలో పుట్టినవాళ్ళు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల నిష్పత్తి 961. అంటే వాళ్ళ తరంలో ఆడపిల్లలు ఏమీ మాయం కాలేదు, ఉండాల్సినంత మంది ఉన్నారు. అంకె పడిపోయింది ఆ తర్వాత. 2011లో ఆరేళ్ళలోపు ఉన్నవాళ్ళలో పెద్దవాడికి కూడా ఇప్పుడు ఇరవై దాటింది, అంతే. వాళ్ళింకా పెళ్ళిచూపుల దాకా రాలేదు. మీ బెల్టు షాపు గొడవని వాళ్ళ మీద వేయకండి.

పత్తిచేను_33
ఇది నాకు తట్టలేదు సారు. మరి ఊర్లో పిల్ల ఎందుకు దొరకట్లేదు? మా ఊర్లోనే ముప్పై దాటినోళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ణి, దాచేదేముంది. పేరు పక్కన 33 అంటే వయసే.

కాజీపేట_జంక్షన్
నేను ఎకరాలు అనుకున్నా. ఎకరాలైతే ఎప్పుడో అయిపోయేది పెళ్ళి.

జగిత్యాల_పిల్ల
పిల్లలు ఉన్నారు, హనుమకొండలో హాస్టల్లో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నారు. పత్తి ఏరే ఇంటికి రావట్లేదు, అంతే తేడా. మా అమ్మ పొద్దున నాలుగింటికి లేచి బర్రెలు, వంట, కూలోళ్ళకి సద్ది, చేను, మళ్ళీ వంట. అది చూసి పెరిగిన దాన్ని, ఎకరాలు ఎన్ని అని అడుగుతానా, వాషింగ్ మెషిన్ ఉందా అని అడుగుతానా. "ఆడపిల్లల కొరత" అనే మాట వింటుంటే ఎరువుల కొరత లెక్క వినిపిస్తుంది నాకు.

బొగ్గుబాయి
సింగరేణి పర్మినెంట్ కొలువు ఉంటే నల్లగా ఉన్నా ఇస్తారు, మా తమ్ముడే రుజువు. అదే తమ్ముడు కాంట్రాక్టులో ఉన్నప్పుడు ఏడు సంబంధాలు తిరిగిపోయినయి.

లెక్కలసారు
జగిత్యాల చెల్లె చెప్పింది మొదటి కారణం. రెండోది లెక్క కారణం, అది ఎవరూ మాట్లాడరు. 1992-93లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు, 2005-06 వచ్చేసరికి 1.8. పదమూడేళ్ళలో అంత పడిపోయింది. ఇక మన దగ్గర అబ్బాయి అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడై ఉండాలి. 1992లో పుట్టినవాడు 1997లో పుట్టిన పిల్లని వెతుకుతాడు, కానీ ఏడాదికేడాది పుట్టేవాళ్ళు తగ్గుతున్నారు కాబట్టి వెతికే పోరల కంటే ఆ ఏడు పుట్టిన పిల్లలు తక్కువ. నిష్పత్తి పక్కాగా ఉన్నా సరే మగవాళ్ళు మిగులుతారు. మన తాతల కాలంలో దీనికి ఉల్టా, జనాభా పెరుగుతుండేది కాబట్టి చిన్న వయసు ఆడపిల్లలే ఎక్కువ దొరికేవాళ్ళు, కట్నాలు పెరగడానికి అదొక కారణం అన్నవాళ్ళూ ఉన్నారు.

పత్తిచేను_33
అంటే నాకంటే పెద్ద పిల్లని చేసుకుంటే సమస్య తీరుతుందా?

లెక్కలసారు
లెక్క ప్రకారం తీరుతుంది. మీ అమ్మ ప్రకారం సంగతి నాకు తెలియదు.

ఖాకీ_రిటైర్డ్
ముప్పై రెండేళ్ళు డిపార్టుమెంటులో చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయిన. మీరు దేశాలు, జిల్లాలు మాట్లాడుతున్నారు, నేను పంచనామాలు మాట్లాడతా. నా సర్వీసులో చూసిన హత్యల్లో ముద్దాయి దాదాపు ఎప్పుడూ మగవాడే, అందులో అనుమానం లేదు. కానీ బ్రహ్మచారి కాదు. గెట్టు తగాదాలో అన్నని చంపిన తమ్ముడికి ఇద్దరు పిల్లలు. పెళ్ళాం మీద అనుమానంతో రోకలి ఎత్తినవాడు పెళ్ళయినవాడే కదా, పెళ్ళి కానివాడికి పెళ్ళాం ఎక్కడిది. బాకీ, బాట, బావి, తాగుడు, అక్రమ సంబంధం, ఈ ఐదు రాస్తే నా స్టేషన్ డైరీ సగం నిండుతుంది. పెళ్ళికాని పోరలది ఎక్కువ పెట్టీ కేసులు. తలకాయలు పగలడం, వినాయక చవితి డీజే కాడ నూకుకోవడం, ఎన్నికలప్పుడు జెండా కట్టెలతో కొట్టుకోవడం. అందుకే హత్యలు వేరు, కొట్లాటలు వేరు, ఆడపిల్లల మీద జరిగేవి వేరు. మూడింటినీ ఒక సంచిలో వేసి "క్రైమ్" అంటే లెక్క తేలదు.

సర్వపిండి
ఖాకీ సారు చెప్పిన ముక్కకి అంకె కూడా ఉంది. ప్రపంచం మొత్తం మీద హత్య కేసుల్లో అనుమానితుల్లో పదికి తొమ్మిది మంది మగవాళ్ళు. చచ్చిపోయేవాళ్ళలో కూడా పదికి ఎనిమిది మంది మగవాళ్ళే. కానీ ఇంట్లోవాళ్ళ చేతిలో, మొగుడి చేతిలో చచ్చిపోయేవాళ్ళలో మాత్రం ఎక్కువ మంది ఆడవాళ్ళు.

సరే, మన దేశం వదిలేయండి, చైనా చూడండి. ఒక్క బిడ్డ చట్టం వచ్చాక అక్కడ మగపిల్లలే మగపిల్లలు. లీనా ఎడ్లుండ్, ఇంకో ముగ్గురు కలిసి 1988 నుంచి 2004 దాకా అక్కడి రాష్ట్రాల అంకెలు చూశారు. పదహారు నుంచి పాతికేళ్ళ వాళ్ళలో నిష్పత్తి 0.01 మగవైపు జరిగితే, అంటే వంద మంది ఆడవాళ్ళకి ఇంకో మగవాడు పెరిగితే, నేరాలు 3 శాతం దాకా పెరిగాయి. ఇక్కడ మాత్రం "తిరగేసి చదవండి" అనడానికి లేదు, ఎందుకంటే ఒక్క బిడ్డ చట్టం ఏ ఏడాది ఏ రాష్ట్రంలో ఎలా అమలైంది అన్నది పట్టుకుని చేశారు. పైనుంచి వచ్చిన చట్టం కదా, కొట్లాటలు చూసి వచ్చింది కాదు.

బొగ్గుబాయి
ఆ పేపర్‌లోనే ఇంకో లైను ఉంది, అది చెప్పట్లేదు నువ్వు. మొత్తం నేరాల పెరుగుదలలో మగవాళ్ళ మిగులు వల్ల వచ్చింది ఏడో వంతు ఉండొచ్చు అన్నారు. మిగతా ఆరు వంతులు ఎక్కడివి? పల్లెల నుంచి పట్నాలకి కోట్ల మంది వలస, పాత ఫ్యాక్టరీలు మూతపడడం, డబ్బు తేడాలు. ఏడో వంతు చిన్నది అనను. కానీ పంతులుగారి "రోజుకో మర్డర్"కి ఏడో వంతు చాలదు.

లెక్కలసారు
ఇద్దరూ కరెక్టే. చైనాలోనే షెంజెన్ అనే నగరంలో జైల్లో ఉన్న వలస మగవాళ్ళని, బయట ఉన్న అలాంటి వాళ్ళనే పోల్చి చేసిన పని కూడా ఉంది, లీసా కామెరాన్ వాళ్ళది. పెళ్ళికి ఎక్కువ పోటీ ఉన్న ఊళ్ళ నుంచి వచ్చిన మగవాళ్ళు ఎక్కువ తెగింపుతో, ఓపిక తక్కువతో ఉన్నారని తేలింది. ఇంకో కారణం డబ్బు. అక్కడ ఇల్లు లేనివాడికి పిల్లనివ్వరు. ఇల్లు కొనాలి, జీతం చాలదు, అడ్డదారి తొక్కుతాడు. ఆడవాళ్ళు లేక పిచ్చెక్కి కాదు, పెళ్ళి ఖర్చుకి.

షార్జా_రిటర్న్
ఇది మన దగ్గర కూడా ఉందప్పా. మా పక్కింటి పోరడు పెళ్ళి కోసం స్లాబ్ వేయాలని ఆన్‌లైన్ బెట్టింగుల పడ్డడు. స్లాబ్ రాలే, ఉన్న ఎకరం పోయింది.

కాజీపేట_జంక్షన్
రష్యాలో వంద మంది ఆడవాళ్ళకి 86 మంది మగవాళ్ళే. పత్తిచేను అన్నా, వోడ్కా కూడా చౌక. టికెట్ తీయమంటావా?

బొగ్గుబాయి
జోకు వేసినా మంచి పాయింటే వేశావు. ఆడవాళ్ళు ఎక్కువున్న ఆ దేశంలోనే 2000ల మొదట్లో హత్యల రేటు లక్షకు ఇరవై దాటింది. తాగుడు. మగవాళ్ళు తక్కువ కావడానికీ అదే కారణం, చంపుకోవడానికీ అదే. అమెరికా కౌంటీలు పట్టుకుని ర్యాన్ షాక్ట్ వాళ్ళు 2016లో చేసిన దాంట్లో కూడా మగవాళ్ళు ఎక్కువున్న చోట హింస తక్కువ కనపడింది. ఆడవాళ్ళు తక్కువుంటే మగవాడు ఒద్దికగా ఉంటాడు, ఉన్న సంబంధం పోగొట్టుకోడు, కుటుంబం నిలబడుతుంది అని వాళ్ళ వాదన.

లెక్కలసారు
1991లోనే మెస్నర్, సాంప్సన్ ఇద్దరూ అమెరికా నగరాల మీద ఇదే చిక్కు చెప్పారు. మగవాళ్ళు ఎక్కువైతే కొట్టేవాళ్ళు ఎక్కువ, అది ఒక చెయ్యి. మగవాళ్ళు ఎక్కువైతే విరిగిన కుటుంబాలు తక్కువ, దానివల్ల నేరం తక్కువ, అది రెండో చెయ్యి. రెండు చేతులూ లాగుతుంటే తాడు కదలనట్టే కనిపిస్తుంది. కాబట్టి "సంబంధం లేదు" అని కనపడినా నమ్మకూడదు, "ఉంది" అని కనపడినా వెంటనే ఎగరకూడదు.

జగిత్యాల_పిల్ల
బొగ్గుబాయి అన్న, "ఆడవాళ్ళు తక్కువైతే మగవాడు ఒద్దికగా ఉంటాడు" అనేది ఆడవాళ్ళకి కాదు అనే హక్కు ఉన్న చోట. అది లేని చోట తక్కువైతే విలువ పెరగదు, కాపలా పెరుగుతుంది. హర్యానా పల్లెల్లోకి బెంగాల్, అస్సాం, బీహార్, జార్ఖండ్ నుంచి పిల్లల్ని డబ్బిచ్చి తెచ్చుకుంటారు, వాళ్ళకి అక్కడ పేరు కూడా ఉండదు, "పారో" అంటారు, "మోల్కీ" అంటారు. మోల్కీ అంటే కొన్నది అని. ఆ పిల్లకి జరిగేది ఏ హత్యల లెక్కలోకీ రాదు.

ఇంకోటి. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లల మీద యాసిడ్ పోశారు కదా, అప్పటికి లెక్కలసారు చెప్పినట్టు ఆ వయసువాళ్ళలో నిష్పత్తి బాగానే ఉంది. వద్దు అంటే వినలేని మగవాడికి ఊర్లో 950 మంది ఉన్నా 1050 మంది ఉన్నా ఒకటే. ఈ థ్రెడ్ మొత్తం చదివితే ఆడవాళ్ళని మగవాళ్ళ కోపానికి మందు గోళీలా చూస్తున్నారు. రోజుకి వెయ్యికి తొమ్మిది వందల యాభై, భోజనం తర్వాత.

ఖాకీ_రిటైర్డ్
బిడ్డా, చివరి లైను చదివి నవ్వొచ్చింది, కానీ నవ్వే సంగతి కాదు. 2014లో షీ టీమ్స్ వచ్చాక బస్టాండ్ల కాడ పట్టుకున్న పోరల్ని కౌన్సెలింగుకి తెస్తుంటే తల్లిదండ్రులు అనే మొదటి మాట, "పెళ్ళి చేస్తే కుదురుకుంటడు సార్." కుదురుకుంటాడో లేదో తెలియదు, వచ్చిన పిల్ల సంగతి ఏంటి అని ఒక్కరూ అడగరు.

సర్వపిండి
పెళ్ళయితే మగవాళ్ళలో నేరం తగ్గుతుందన్నది మాత్రం ఊరికే అన్న మాట కాదు. బోస్టన్‌లో చిన్నప్పుడు నేరాలు చేసిన పిల్లల్ని ముసలితనం దాకా వెంబడించి చూసిన సాంప్సన్, లాబ్ వాళ్ళు ఒకే మనిషి పెళ్ళిలో ఉన్న ఏళ్ళలో నేరాలు మూడో వంతు దాకా తగ్గాయన్నారు.

జగిత్యాల_పిల్ల
ఇంట్లో కొట్టింది అందులో లెక్క వేశారా?

సర్వపిండి
అది పోలీసుల దాకా పోతేనే కదా. సరే, ఒప్పుకుంటా.

నర్సంపేట_నర్సు
చదువుతూ ఉన్నా, ఇప్పుడు రాస్తున్నా. మీరంతా పెద్ద పోరల గురించి మాట్లాడుతున్నారు, నేను పుట్టేవాళ్ళ దగ్గర పని చేస్తా. లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది, 2003లో గట్టి చేశారు, ప్రతి స్కానింగ్‌కీ ఫారం ఎఫ్ నింపాలి, చెప్పిన డాక్టర్‌కి మూడేళ్ళ జైలు, అడిగిన మొగుడికీ అత్తకీ కూడా. గోడ మీద బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందే కూర్చుని "ఏమన్నా చెప్తారా మేడమ్" అని అడుగుతారు. నేను చూసినదాంట్లో మొదటి కాన్పుకి ఎవరూ అడగరు. మొదట ఆడపిల్ల పుట్టి, రెండోది కడుపులో ఉన్నవాళ్ళు అడుగుతారు. కూలి చేసుకునేవాళ్ళు కాదు, కారులో వచ్చేవాళ్ళు, కట్నం ఇవ్వగలిగినవాళ్ళే. ఒకామె మూడోసారి వచ్చినప్పుడు రక్తం తక్కువుంది, రిజిస్టర్‌లో గర్భస్రావం అని రాసి ఉంది రెండుసార్లు. ఏమీ అడగలేదు నేను. ఆమె కూడా ఏమీ చెప్పలేదు.

లెక్కలసారు
నర్సమ్మ చెప్పింది దేశం మొత్తం మీద తేలిన సంగతే. ప్రభాత్ ఝా వాళ్ళు 2011లో చూపించారు, మొదటిది ఆడపిల్ల అయితే రెండో కాన్పులో 1990లో వెయ్యి మంది మగపిల్లలకి 906 మంది ఆడపిల్లలు, 2005కి 836. మొదటిది మగపిల్లవాడైన ఇళ్ళలో తగ్గలేదు. చదువు, డబ్బు ఉన్న ఇళ్ళలోనే ఎక్కువ పడిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో పుట్టుక నిష్పత్తి 894 వచ్చింది. సర్వే కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ 950 మాత్రం కాదు.

పత్తిచేను_33
మా వదిన అంగన్‌వాడీ టీచర్. పొద్దున రిజిస్టర్ అడిగి చూసిన. మా ఊర్లో ఆరేళ్ళలోపు మొత్తం 69 మంది. మగ 38, ఆడ 31.

కాజీపేట_జంక్షన్
వెయ్యికి 816. ఓరి దేవుడా, హర్యానాని దాటేశారు. కప్పు ఇవ్వండి పరకాలకి.

లెక్కలసారు
ఆగండి ఆగండి. 69 మందిలో మామూలుగా 35 మంది మగపిల్లలు ఉండాలి, 38 ఉన్నారు. మూడు అటూ ఇటూ అనేది నాణెం ఎగరేసినా వస్తుంది. ఒక్క ఊరి నిష్పత్తితో ఏమీ తేలదు, పేపర్లలో "ఆ గ్రామంలో 700 మాత్రమే" అని హెడ్డింగులు పెట్టేది ఇందుకే తప్పు. నర్సమ్మ చెప్పిన ముక్క చూడండి, మొదటిది ఆడపిల్ల ఉన్న ఇళ్ళలో రెండోది ఎవరు? అది రిజిస్టర్‌లో దొరుకుతుందా?

పత్తిచేను_33
వదినకి ఇల్లిల్లూ తెలుసు, రిజిస్టర్ కూడా అక్కర్లేదు. రాత్రి అడిగి చెప్తా.

షార్జా_రిటర్న్
ఇంతకీ పంతులుకి ఏం చెప్పాలె? అవునా, కాదా?

బొగ్గుబాయి
ఇప్పటి పోరల లొల్లికి ఆడపిల్లల్ని తీసేయడం కారణం కాదు, వాళ్ళ తరంలో తీసేయలేదు. ఇది తేలింది.

సర్వపిండి
రేపటి పోరల సంగతి తేలలేదు. 2005 తర్వాత పుట్టినవాళ్ళు పెళ్ళికొస్తారు, వాళ్ళకి లెక్కలసారు చెప్పిన వయసు తేడా ఇబ్బంది, జగిత్యాల చెల్లె చెప్పిన పట్నం ఇబ్బంది, పైన ఇది. మూడూ కలుస్తాయి.

జగిత్యాల_పిల్ల
దక్షిణ కొరియాలో 1990లో వంద మంది ఆడపిల్లలకి 116 మంది మగపిల్లలు పుట్టారు, మనకంటే ఘోరం. 2007 వచ్చేసరికి మామూలైపోయింది. ఆ మగపిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కొందరు వియత్నాం నుంచి పిల్లల్ని చేసుకున్నారు, చాలామంది చేసుకోలేదు. అక్కడ హత్యలు మన కంటే చాలా తక్కువే ఉన్నాయి. ఆడవాళ్ళకి ఆస్తి, చదువు, ఉద్యోగం వచ్చాయి, ముసలితనానికి పెన్షన్ వచ్చింది, కొడుకు అవసరం తగ్గింది. పంతులుగారికి ఇది చెప్పండి, హర్యానా ఒక్కటే దారి కాదు.

ఖాకీ_రిటైర్డ్
బెల్టు షాపు మూయిస్తే రేపటి నుంచే సగం తగ్గుతాయి. నా ముప్పై రెండేళ్ళ పరిశోధన ఇది, పేపర్ వేయలేదు అంతే.

కాజీపేట_జంక్షన్
2021లో జరగాల్సిన లెక్కలు 2027కి పోయినయి. అప్పటిదాకా ఖాకీ సారు పేపరే దిక్కు.

పత్తిచేను_33
వదినతో కూర్చుని రాసిన. మొదటిది ఆడపిల్ల ఉండి, ఈ ఆరేళ్ళలో రెండోది పుట్టిన ఇళ్ళు మా ఊర్లో 14. అందులో మగపిల్లలు 11, ఆడపిల్లలు 3.

లెక్కలసారు
14 చిన్న అంకె. అయినా ఊరికే జరిగితే వందలో మూడు నాలుగు సార్లకు మించి ఇలా రాదు.

పత్తిచేను_33
వదిన ఒక్కో ఇంటి పేరు చెప్తుంటే నేను గీతలు పెట్టుకుంటూ పోయిన. పది అయినయి. ఇంక అంతే అంది. పదకొండోది నేనే పెట్టుకున్న, మా అన్న కొడుకుది. అక్కకీ వాడికీ ఆరేళ్ళ తేడా. వదిన పాలు పొంగుతున్నాయని లేచిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

కాజీపేట_జంక్షన్
కప్పు జోకు తీసేద్దామంటే ఇక్కడ డిలీట్ బటన్ పని చేయట్లేదు అన్నా.

నర్సంపేట_నర్సు
ఆమెని ఏమీ అడగకు తమ్మీ. అడిగితే మీ అన్నని అడుగు.

ఖాకీ_రిటైర్డ్
తల పగిలిన పోరడు ఎట్లున్నడు?

పత్తిచేను_33
కుట్లు విప్పారు. పొద్దున ట్రాక్టర్ తోలుకుంటూ పోయిండు, సాయంత్రం మళ్ళీ అక్కడనే ఉన్నడు, కొట్టినోడి పక్కనే కూర్చుని.